ఎవరిదీ కాని గొంతు

గుడియాత్తం బజారు వీధిలో గాజులు కొనాలంటే లోకేశ్వరి కొట్టుకే పోవాలి. పక్క కొట్టుదాన్ని కాబట్టి చెబుతున్నానని అనుకోకండి. నాది కాఫీ పొడి కొట్టు, ఆమె గాజులు అమ్ముడుపోతే నాకొచ్చేదేమీ లేదు. పైగా ఊరికే ఒకరిని పొగడటం ఈ కాంచనకు చేతకాదని నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. ఉన్న మాట చెబుతున్నాను. ఆడపిల్ల ఇంకా మెట్టు ఎక్కుతూ ఉండగానే ఆ చేతికి ఏ కొలత పడుతుందో లోకేశ్వరి చెప్పేస్తుంది. కొన్నామె గాజులతో వెళ్తుంది, కొననామె కడుపునిండా కబుర్లతో వెళ్తుంది. ఎవరినీ ఊరికే పంపదు.

ఆమెది పరదరామి. చిత్తూరు రోడ్డులో పొలం పనులు చేసుకునే ఇంట్లో పుట్టి, ఇక్కడికి కోడలిగా వచ్చింది. మొగుడు శ్రీనివాసన్ లోడు బండి నడుపుతాడు. పొద్దున ఆర్కాడు వైపు వెళ్ళాడంటే దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరతాడు. మంచివాడు, మాట తక్కువ. ఆ ఇంట్లో మాటలన్నీ లోకేశ్వరే ఆడాలి, ఆడుతుంది కూడా. మొదట్లో ఒక లుంగీల కొట్టు అరుగు మీద అద్దాల పెట్టె పెట్టుకుని పిన్నులూ రిబ్బన్లూ అమ్మింది. ఎన్నో ఏళ్ళకు మా పక్కనే సొంతంగా కొట్టు తీసుకుంది. బోర్డు ఎక్కించిన రోజు వీధి మధ్యలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నా కదలకుండా ఆ బోర్డును చూస్తూ నవ్వింది. ఆటోవాడు తిట్టబోయి, ఆ ముఖం చూసి తనూ నవ్వేశాడు. ఇప్పుడు సుజిత, జెన్సి అని ఇద్దరు అమ్మాయిలు ఆమె దగ్గర పనిచేస్తున్నారు.

అంత వాగే మనిషి, కొట్టు తెరిచింది మొదలు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయేదాకా గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. టీ ఇస్తే వద్దనేది. ఎందుకమ్మా అంటే, ఈ దినం ఒక్కపొద్దు అనేది. మంగళవారం మురుగనుకట, శుక్రవారం అమ్మవారికట, శనివారం పెరుమాళ్ళకట. మరి బుధవారం ఎవరికే అని నేనొకసారి నిలదీస్తే, బుధవారానికి ఇంకా దేవుణ్ణి చూడలేదక్కా, వెతుకుతా ఉండా అంది.

వీధంతా ఆ మాట నమ్మింది. అందరికన్నా ఎక్కువగా నమ్మింది బలరామయ్య మామ. ఈయన మా మామగారికి తమ్ముడు, నాకు చిన్నమామ. ఇత్తడి, స్టీలు సామాన్ల వ్యాపారం. నాకు పెళ్ళి కాక ముందు నుంచీ మా వీధి వర్తక సంఘానికి ఆయనే అధ్యక్షుడు. లోకేశ్వరి భక్తి చూసి నేర్చుకోండి అని ఇంట్లో కోడళ్ళకు రోజూ చెప్పేవాడు. నేను ఆ ఇంటికి పోయినప్పుడల్లా నాకూ చెప్పేవాడు. పోయిన చిత్తిరై నెల ఎండల్లో లోకేశ్వరి కొట్లో కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు కూడా, ఉపవాసం మనిషి కదా అని ఒక కొబ్బరికాయ కొట్టించాడు.

నేను కొబ్బరికాయ కొట్టించలేదు. మా ఆయన రాజ్‌మోహన్‌ని కొట్లో కూర్చోబెట్టి, ఆమెను బస్సెక్కించి వేలూరు తీసుకుపోయాను. అక్కడ డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి గట్టిగా చెప్పింది. నీళ్ళు తాగక లోపల చీము పట్టింది, ఇట్లాగే ఉంటే కిడ్నీలు పోతాయి, పూటంతా నీళ్ళు తాగుతూనే ఉండాలి, కుదరదంటే ఆ కొట్టు మానెయ్యి అంది. లోకేశ్వరి బుద్ధిగా తలూపింది. తిరుగు బస్సులో విరించిపురం దాటేదాకా పలకలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు, నాకు భయమేసింది.

తర్వాత మెల్లగా చెప్పింది. ‘‘ఒక్కపొద్దు లేదు, ఏమీ లేదక్కా. నీళ్ళు తాగితే యాడికి పొయ్యేది?’’

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మా వీధి కొట్లన్నీ అగ్గిపెట్టెల్లా ఉంటాయి. ముందు తలుపే గాని వెనక వాకిలి లేదు. మగవాళ్ళకేం, కాలువ గట్టుకు పోతారు. నాకైతే కొట్లో మా ఆయన ఉంటాడు, నెల్లూరుపేటలో ఇంటికి పోయి వస్తాను. లోకేశ్వరి ఇల్లు ఏటి అవతల. ఒక్కతే యజమానురాలు, కొట్టు వదిలి పోవడానికి లేదు. బస్టాండులో ఉన్నది కాలు పెట్టేటట్టు ఉండదు. ఆ ఇద్దరు అమ్మాయిలదీ అదే కథ. ఇన్నేళ్ళు ఆమె పక్కన కూర్చుని కాఫీ గింజలు వేయించుకుంటున్నాను గాని, ఒక మనిషి దాహాన్ని దాచుకోవడానికి ఇన్ని దేవుళ్ళను కూడగట్టుకోవలసి వచ్చిందని నాకు తట్టలేదు.

దీనికి మందు మా చేతిలోనే ఉంది, అది ఇంకా మంట. సంఘం ఆఫీసు వెనక ఒక గది ఉంది. దానికి కొళాయి ఉంది, నీళ్ళు పోయే దారి ఉంది, పక్క సందులోకి వేరే తలుపు కూడా ఉంది. లోపలున్నవేమో విరిగిన కుర్చీలూ, ఉత్సవాల సీరియల్ బల్బులూ. ఆ గదికి తెల్ల రాయి పరిపించి, పాత అధ్యక్షుల ఫొటోలు వరసగా పెట్టించాలని మామ కోరిక. మొదటి ఫొటో వాళ్ళ నాయనది. కొద్ది నెలల్లో పని మొదలుపెట్టాలని మేస్త్రీకి కూడా చెప్పేశాడు.

అయితే మీటింగ్‌లో చెప్పొచ్చు కదా అంటారు మీరు. మా మీటింగ్ మీరు చూడలేదు. అమావాస్య నాడు మా వీధి సగం పూటే, మధ్యాహ్నం అందరూ సంఘం ఆఫీసులో చేరతాం. మామ మొదట మాట్లాడతాడు. మధ్యలో మాట్లాడతాడు. ముగించేదీ ఆయనే. చివర్లో ‘ఎవరికైనా వేరే అభిప్రాయం ఉండాదా?’ అని అడిగి, మేము ఊపిరి పీల్చుకునే లోపల ‘లేదు కదా, సరి’ అని లేస్తాడు. పెద్దాయన చెప్పాక ఇంకొకరు కాదనడం మాలో లేదు. కాదనగలిగినా, ఈ మాట మామగారి వరస మనిషి ముందు, అంతమంది మగవాళ్ళ నడుమ ఏ ఆడది ఎత్తుతుంది? నా నోటికి వీధంతా జడుస్తుంది. అలాంటి నాకే నాలుక తిరగలేదు. మామతో చెప్పమని మా ఆయన్ని పోరాను. ఆయన దగ్గి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మూడు నెలల్లోగా ఏదీ తేలకపోతే కొట్టు వదిలేస్తానంది లోకేశ్వరి. ఎలక్ట్రిక్ సామాన్ల ప్రభు ఆ చోటు తనకిమ్మని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. ఆమె ఆ మాట నవ్వుతూనే చెప్పింది గాని, చెబుతూ చెబుతూ బోర్డు మీది దుమ్ము తుడిచింది. నాకు ఏడుపొచ్చింది. దాన్ని కోపంగా మార్చుకుని మా ఆయన మీద చూపించాను.

అప్పుడు వచ్చింది హేమశ్రీ. మామ కూతురి కూతురు. వేలూరులో ఏదో కంపెనీలో ఉద్యోగం, ఏం పనమ్మా అంటే మీటింగులు జరిపిస్తానంటుంది. నలుగురు కూర్చుని ఆలోచించడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకుంటారా అని నేను పకపకా నవ్వాను. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. మీ సంఘం మీటింగ్ ఒకసారి చూశాను అత్తా, మీకు నాలాంటి వాళ్ళు ఇద్దరు కావాలి అంది. నాకు నచ్చింది.

తాతను ఒప్పించింది కూడా తనే. పెద్దవాళ్ళు ముందే మాట్లాడితే మిగతావాళ్ళ ఆలోచనలు అక్కడే ఆగిపోతాయని, వెనక గదిని ఏం చేయాలో, వీధికి ఏం కావాలో అందరూ పేరు లేకుండా ఎవరి ఫోన్‌లో వాళ్ళు రాస్తే అవన్నీ గోడ మీద కనిపిస్తాయని, ఒకేరకం మాటలను యంత్రమే ఒకచోట చేరుస్తుందని చెప్పింది. కొట్లలో పనిచేసే వాళ్ళనూ పిలవాలంది. మనవరాలు అడిగితే మామ దేనికీ కాదనలేడు. పైగా అందరూ ఫొటోల గదే అడుగుతారని ఆయనకు గట్టి నమ్మకం.

ఆ అమావాస్యకు గోడ మీద తెల్ల గుడ్డ కట్టారు. అందరూ ఫోన్లు తీశారు. మాకు మాట తెలుగే గాని రాత తమిళం, అక్షరాలు అందులోనే కొట్టారు. పక్కవాడు ఏం రాస్తున్నాడో చూడకపోతే మావాళ్ళకు అన్నం అరగదు కదా, ఒకరి ఫోన్‌లోకి ఒకరు మెడలు సాచారు. అంతా అయ్యాక హేమశ్రీ బటన్ నొక్కితే, యంత్రం కాసేపు ఆలోచించి పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క మాట వేసింది. సభ్యులందరి ముఖ్యమైన కోరిక: లాభం.

హేమశ్రీ తెల్లబోయింది. మేము మాత్రం కడుపు పట్టుకుని నవ్వాం. మా వాళ్ళు ఏది రాసినా ముందు పిళ్ళయార్ సుళి, అదే వినాయకుడి గుర్తు, పెట్టి, దాని కింద లాభం అని రాయనిదే చెయ్యి కదలదు. బిల్లయినా అంతే, పెళ్ళి సామాన్ల చీటీ అయినా అంతే. ఫోన్‌లోనూ తలా ఒక లాభం రాసి తర్వాత విషయానికి వచ్చారు. పాపం యంత్రానికేం తెలుసు, ఎక్కువమంది రాసిందే ఎత్తి చూపించింది. బలరామయ్య మామ కూడా నవ్వి, అది చెప్పేది నిజమే కదప్పా అన్నాడు.

అందరూ టీలకు లేచినప్పుడు లోకేశ్వరి ఫోన్ చూశాను. ఆమె కూడా లాభం అని రాసింది. దాని కింద ఇంకేమీ లేదు. అటు పక్కన ప్రభు మెడ సాచి కూర్చుని ఉండగా ఏం రాస్తుంది?

నేను హేమశ్రీని సందులోకి లాక్కుపోయాను. విషయం చెప్పలేదు, నాది కాని రహస్యం నేనెట్లా చెప్పను? ఇక్కడ కొంతమంది లోపల ఒక మాట పెట్టుకుని ఉన్నారు, పక్కన మనిషి ఉంటే అది బయటికి రాదు, నీ చదువులో దానికి ఏదైనా దారి ఉంటే చూడు, లేకపోతే ఆ గుడ్డ విప్పుకుని పో అన్నాను. నేను మాట్లాడితే అట్లాగే ఉంటుంది. ఆ పిల్ల కోపగించుకోకుండా శ్రద్ధగా విన్నది. మీరు ముందే చెప్పాల్సింది అత్తా, తప్పు నాదే, కూర్చోబెట్టిన తీరే బాగాలేదు అంది.

తర్వాతి అమావాస్యకు గుడ్డా లేదు, ఫోన్లూ లేవు. ఒక ట్యాబ్ తెచ్చి ఆ వెనక గదిలోనే విరిగిన కుర్చీ మీద పెట్టింది. ఒక్కొక్కరే లోపలికి పోయి, తలుపేసుకుని, మన మాటలోనే చెప్పుకోవచ్చు. అది రాసుకుంటుంది. అందరివీ అయ్యాక కలగలిపి, తన గొంతుతో పైకి చదువుతుంది. ఎవరు ఏం చెప్పారో నాకు కూడా తెలియదు, ఎవరూ అడగకూడదు, ఇది రూలు అంది. తాత చేత కూడా సరే అనిపించింది. లోకేశ్వరి నా చెయ్యి పట్టుకుని ఉంది. ఈ దినం తేలకపోతే రేపు ప్రభుకి మాట ఇచ్చేస్తానక్కా అని చెవిలో చెప్పింది.

ఒక్కొక్కరే పోయారు. కొందరు పోయినంత వేగంగా వచ్చారు. కొందరు లోపల కాపురం పెట్టారేమో అనిపించింది. బలరామయ్య మామ తలుపేసుకున్నాడు గాని ఆయన గొంతు తలుపులకు ఆగేది కాదు, ఫొటోల గది సంగతంతా బయటికి వినబడింది. లోకేశ్వరి వచ్చేటప్పుడు ముఖం ఎర్రగా ఉంది. సుజిత, జెన్సి ఇద్దరూ కలిసి పోతామంటే హేమశ్రీ ఒప్పుకోలేదు, విడివిడిగా పంపింది.

ఇక యంత్రం చదవడం మొదలుపెట్టింది. టీవీలో వార్తలు చదివే ఆమె గొంతు. మేము మా మాటలో చెప్పిందంతా దాని తెలుగులోకి తిప్పి చదువుతోంది. ‘‘వీధి మొగదల స్వాగత ద్వారం నిర్మించాలి. వాహనాలు నిలుపుటకు స్థలం కేటాయించాలి.’’ ఇంత గౌరవంగా మాట్లాడింది తామేనా అని మావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మురిసిపోయారు. తర్వాత అదే గొంతు, ‘‘అధ్యక్షులవారు ప్రసంగ సమయాన్ని తగ్గించుకున్నచో సభ త్వరగా ముగియగలదు’’ అంది.

అది నాది. నేను చెప్పింది మామ నోటికి ఒక తాళం ఎయ్యండప్పా అని. యంత్రం దానికి పట్టు గుడ్డ కట్టింది. మామ మీసం దువ్వుకుని, దానికి కూడా తెలిసిపోయిందా అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను, అనుమానం రాకుండా.

ఆ నవ్వు ఆగక ముందే యంత్రం తర్వాతి మాట చదివింది. ‘‘ఈ వీధిలో పనిచేసే స్త్రీలకు మూత్రవిసర్జనకు చోటు లేదు. అందువల్ల మేము ఉదయం నుండి నీరు తాగము. వెనక గదిని స్త్రీల మరుగుదొడ్డిగా మార్చవలెను.’’

నవ్వు ఆగింది. ఏ తొట్రుపాటూ లేకుండా, వాన పడుతుందని చెప్పినంత మామూలుగా చెప్పింది ఆ గొంతు. ఆ గొంతుకు మామగారు లేరు, మరుదులు లేరు, సిగ్గు లేదు. తర్వాత బల్బుల సంగతి ఒకటి చదివి, మళ్ళీ అదే కోరిక వేరే మాటల్లో చదివింది. ఇంకొంచెం పోయాక మళ్ళీ. మగవాళ్ళందరూ తల వంచుకుని నేలను చూస్తున్నారు.

‘‘ఎవరమ్మా ఇది చెప్పింది?’’ అన్నాడు మామ.

అడగకూడదు తాతా, మీరు ఒప్పుకున్నారు అని హేమశ్రీ గుర్తు చేసింది. మామ చెయ్యి ఊపాడు. ‘‘కోపంతో అడగలేదమ్మా. ఈ వీధిలో నీళ్ళు తాగని ఆడమనిషి ఒక్క లోకేశ్వరే. ఆయమ్మది భక్తి. ఇది ఇంకెవరని అడగతా ఉండా.’’

నన్ను పట్టుకుని ఉన్న లోకేశ్వరి చెయ్యి వదులైంది. ఊరుకుంటే సరిపోయేది. గది సంగతి ఎట్లాగూ పైకి వచ్చింది, భక్తురాలన్న పేరూ నిలిచేది. లోకేశ్వరి లేచి నిలబడింది.

‘‘అది భక్తి కాదప్పా. నాకు ఏ ఒక్కపొద్దూ లేదు. ఒంటికి పొయ్యేదానికి తావు లేక నీళ్ళు మానుకున్నా. ఆ మాట చెప్పను సిగ్గై దేవుళ్ళ పేరు చెప్పినా. డాక్టరమ్మ నీళ్ళన్నా తాగు, కొట్టన్నా మూసెయ్ అనింది. మీరు ఈ గదిలో ఫొటోలు పెడితే నేను మూసేస్తా.’’

వెనక సుజిత, జెన్సి కూడా లేచి నిలబడ్డారు. మామ వాళ్ళ వైపు, మళ్ళీ లోకేశ్వరి వైపు చూశాడు. కోప్పడతాడనుకుని నేను కొంగు బిగించాను, అవసరమైతే ఈసారి నోరు తెరుద్దామని. కాని ఆయన గొంతు చాలా తగ్గింది.

‘‘నాకెందుకు చెప్పలేదమ్మా? ప్రతి మీటింగ్‌లో అడగతానే ఉండా కదా.’’

‘‘అడుగుతారప్పా’’ అంది లోకేశ్వరి. ‘‘జవాబు వచ్చేదాకా ఆగరు.’’

ఇంత మాట ఆయన ముఖం మీద ఎవరూ అనలేదు. మా ఆయన దగ్గడం కూడా మర్చిపోయాడు. మామ గుండెల మీది కండువా తీసి మడిచాడు, మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు. తర్వాత మనవరాలి చేతిలో ట్యాబ్ తీసుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా వెనక గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఈసారి ఆయన గొంతు బయటికి వినబడలేదు. అంత మెల్లగా మాట్లాడటం ఆయనకు వచ్చని మాకెవరికీ తెలియదు.

బయటికి వచ్చి, ట్యాబ్ బల్ల మీద పెట్టి, తన పెద్ద కుర్చీలో కాకుండా మా ఆయన పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాడు. హేమశ్రీ బటన్ నొక్కింది.

‘‘నా తండ్రి ఫొటో నా ఇంట్లో ఉంటుంది’’ అంది ఆ ఎవరిదీ కాని గొంతు. ‘‘ఈ గది ఆడవారికి ఇవ్వాలని నా కోరిక. ఇది ఒక్కడి మాట మాత్రమే. మీరందరూ ఒప్పుకుంటేనే.’’

హేమశ్రీ, ఒప్పుకునే వాళ్ళు చేతులెత్తండి అంది. మామ ఎవరి వైపూ చూడకుండా, తల వంచుకుని, జవాబు కోసం ఆగాడు. మా ఆయన ఎత్తాడు. ప్రభు కూడా ఎత్తాడు, కొట్టు చేతికి రాదని తెలిసి కూడా. ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ లోకేశ్వరి రెండో చెయ్యి ఎత్తింది. అందరి చేతులూ లేచేదాకా ఆయన కాచుకుని కూర్చున్నాడు.